'సర్వ్స్ యూ రైట్' – శాస్తి, ఖర్మ, పాపం: ఒక ఆంగ్ల జాతీయం, దాని తెలుగు సమానార్థకాలు

వ్యాససంగ్రహం

ఎవరికైనా కీడు కలిగినప్పుడు అది వారి నడతకు తగిన ఫలితమేనని తీర్మానించే ఆంగ్ల జాతీయం 'సర్వ్స్ యూ రైట్'. దీనికి 'తగిన శాస్తి జరిగింది' అని ఒక్క అర్థం చెప్పి ముందుకు సాగడం తరగతి గదుల్లోనూ అనువాదాల్లోనూ అలవాటుగా ఉంది. ఈ వ్యాసం ఆ జాతీయం పుట్టుకను, నిర్మాణాన్ని, ప్రయోగ పరిమితులను పరిశీలించి, తెలుగులో ఆ చోటును పంచుకొనే పలుకుబళ్లతో పోలుస్తుంది. రెండు భాషలకూ సంస్కృతం నుంచే చేరిన 'కర్మ' శబ్దం ఆంగ్లంలో తీర్పుగానూ, తెలుగు వాడుకలో వాపోవడంగానూ స్థిరపడిన తీరు, దానివల్ల అనువాదంలో అర్థం తారుమారయ్యే ప్రమాదం ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: జాతీయం, అర్హఫలం, శాస్తి, ఖర్మ, పాపం, సమానార్థకత, అనువాదం.

1. ఉపోద్ఘాతం

వద్దన్నకొద్దీ గోడ ఎక్కిన పిల్లవాడు జారిపడతాడు. ఇంగ్లీషు ఇంట్లో అయితే తల్లి 'సర్వ్స్ యూ రైట్' అంటుంది. తెలుగింట్లో "బాగా అయింది", "నీకు అలాగే కావాలి", "తిక్క కుదిరిందా?" అన్న మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. తెలంగాణలో "మంచిగైంది" అనవచ్చు. ఆ మాట పూర్తికాకముందే అదే ఇంట్లో నాయనమ్మ "అయ్యో పాపం, మోకాలు చెక్కుకుపోయిందే" అంటూ పసుపు తెస్తుంది. ఒకే సంఘటనపై ఒక నోరు తీర్పు చెప్పింది. మరో నోరు జాలిపడింది. జాలిపడిన నోరు వాడిన 'పాపం' అన్న మాట నిజానికి తీర్పు చెప్పే శబ్దసముదాయానికి చెందినది. ఈ చిన్న వైచిత్రి దగ్గరే అసలు చర్చ మొదలవుతుంది.

జాతీయాన్ని పదానికి పదంగా అనువదించరాదన్నది అనువాద శాస్త్రంలో అందరూ ఒప్పుకొన్న మాట. దానికి బదులు లక్ష్యభాషలోని జాతీయాన్ని పెట్టాలని బోధిస్తారు. అయితే లక్ష్యభాషలో ఆ పనికి ఐదారు జాతీయాలు ఉండి, వాటిలో ప్రతిదీ మాట్లాడేవాడిని వేరువేరు స్థానాల్లో నిలబెడుతున్నప్పుడు ఎంపిక ఎలా జరగాలన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా జవాబివ్వవు. 'సర్వ్స్ యూ రైట్' అటువంటి సందర్భానికి మంచి ఉదాహరణ.

2. ఆంగ్ల జాతీయం: పుట్టుక, నిర్మాణం, హద్దులు

'సర్వ్' అనగానే సేవించడం, వడ్డించడం అన్న అర్థాలు ముందుగా స్ఫురిస్తాయి. అందువల్ల విద్యార్థులు ఈ జాతీయాన్ని 'నీకు సరిగ్గా వడ్డించారు' అన్నట్లు ఊహించుకొంటారు. ఊహ చమత్కారంగానే ఉన్నా జాతీయానికి మూలం అది కాదు. పాత ఆంగ్లప్రయోగాల్లో 'సర్వ్' క్రియకు ఒకరిపట్ల ఒక రీతిగా వ్యవహరించడం అన్న అర్థం ఉండేది. 'రైట్' ఇక్కడ క్రియావిశేషణం. తగినట్లుగా అని అర్థం. లోపించిన కర్త 'ఇట్'. అంటే, జరిగిన సంఘటనే నీపట్ల తగినట్లుగా వ్యవహరించింది అని వాక్యతాత్పర్యం. బాధపడినవాడు వ్యాకరణరీత్యా కర్మస్థానంలో ఉన్నాడు. కర్తృస్థానంలో ఉన్నది మనిషి కాదు, ఒక సర్వనామం. ఆ సర్వనామం కూడా వాడుకలో తరచుగా జారిపోతుంది. తీర్పు మిగులుతుంది, తీర్పరి కనిపించడు.

ఈ జాతీయానికి దగ్గరి చుట్టం 'జస్ట్ డిజర్ట్స్'. ఇందులోని 'డిజర్ట్' ఎడారి కాదు. అర్హతనుబట్టి దక్కవలసినది అని అర్థం. అది 'డిజర్వ్' క్రియకు సంబంధించిన నామం. ఆ క్రియ లాటిన్ 'దేసర్వీరే' నుంచి ప్రాచీన ఫ్రెంచి ద్వారా ఆంగ్లానికి చేరింది; బాగా సేవచేయడం అన్నది దాని తొలి అర్థం. సేవచేసినవాడికి ప్రతిఫలం దక్కడం న్యాయం కనుక, సేవ నుంచి అర్హత అన్న అర్థం వచ్చింది. భోజనానంతరం పెట్టే తీపి వంటకం పేరు ఉచ్చారణలో దీనితో ఏకమైపోవడంవల్ల ఆంగ్లేయులే ఈ జాతీయాన్ని తరచు తప్పుగా రాస్తారు. తమాషా ఏమిటంటే ఆ తీపి వంటకం పేరు కూడా బల్లమీది పాత్రలు తీసివేయడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ ద్వారా 'సర్వ్' ధాతువునుంచే పుట్టింది. ఎడారి అని అర్థమిచ్చే పదానికి మాత్రం వీటితో ధాతుసంబంధం లేదు. అది విడిచిపెట్టడం అన్న అర్థమున్న మరో లాటిన్ క్రియకు చెందినది.

'డిజర్వ్'కూ 'సర్వ్స్ యూ రైట్'కూ మూలం ఒకటే అయినా ప్రయోగంలో పెద్ద తేడా ఉంది. బహుమతి గెలిచినవారితో 'యూ డిజర్వ్ ఇట్' అనవచ్చు. 'సర్వ్స్ యూ రైట్' అనకూడదు. రెండవది కీడుకు మాత్రమే పరిమితం. ఆ కీడు కూడా సాధారణంగా చిన్నదై ఉండాలి. ఆలస్యంగా లేచి బస్సు తప్పిపోయినవాడికి, అత్యాశకు పోయి నష్టపోయినవాడికి ఇది సరిపోతుంది. మరణవార్త విన్నచోట ఎవరైనా ఈ మాట అంటే ఆ మాట మృతుడికంటే అన్నవాడి గురించే ఎక్కువ చెబుతుంది. 'సర్వ్స్ మీ రైట్' అని తననుతాను అనుకోవడం కూడా ఆంగ్లంలో సహజమే. అప్పుడది పశ్చాత్తాపానికీ ఆత్మపరిహాసానికీ మధ్య ఎక్కడో నిలుస్తుంది.

అర్హతను కొలిచి ఫలితం ఇవ్వాలన్న భావనపై ఆంగ్ల సాహిత్యంలో సంశయం లేకపోలేదు. షేక్‌స్పియర్ 'హామ్లెట్' నాటకం 2వ అంకం 2వ రంగంలో, నటులను వారి అర్హతకు తగినట్లు ఆదరిస్తానని పొలోనియస్ అంటాడు. హామ్లెట్ దానిని అడ్డుకొంటాడు. ఎవరి అర్హతనుబట్టి వారిని చూడటం మొదలుపెడితే కొరడాదెబ్బ తప్పేవాడు ఒక్కడూ ఉండడనీ, ఎదుటివారి యోగ్యతతో కాక తమ గౌరవంతో కొలిచి ఆదరించాలనీ అతని వాదం. పొలోనియస్ వాడిన మాటలో ఏ కీడూ లేదు. ఆ మాటలో దాగిన కొరడాను హామ్లెట్ బయటికి లాగాడు.

3. శాస్తి: చక్కదిద్దే శిక్ష

'తగిన శాస్తి జరిగింది' అన్న తెలుగు పలుకుబడి మొదటి చూపులో ఆంగ్ల జాతీయానికి అచ్చుగుద్దినట్లు సరిపోతుంది. అయితే 'శాస్తి' శబ్దం సంస్కృత 'శాస్' ధాతువునుంచి వచ్చింది. శాసనం, శాస్త్రం, శిష్యుడు అన్నవి దాని తోబుట్టువులు. దండించడం, ఆజ్ఞాపించడం, బోధించడం ఆ ధాతువులో కలిసే ఉన్నాయి. 'శిక్ష' చరిత్ర వేరైనా దారి ఒకటే: సంస్కృతంలో నేర్వడమన్న అర్థం ప్రధానం కాగా, తెలుగులో శిక్షణ ఒకవైపు, శిక్ష మరొకవైపు నిలిచాయి. దేశ్యమైన పలుకుబళ్లు కూడా ఇదే బాటలో నడిచాయి. 'బుద్ధి చెప్పడం' అంటే కొట్టడం కూడా. 'తిక్క కుదరడం', 'రోగం కుదరడం' అన్నవాటిలో శిక్ష వైద్యమైంది. దండన పొందినవాడు వీటన్నిటిలోనూ ఒక అభ్యాసి, లేదా ఒక రోగి. దండన తరువాత అతడికి ఒక రేపు ఉంది.

ఆంగ్లంలోనూ పాఠం నేర్పడం, మందు మింగించడం వంటి మాటలు ఉన్నాయి. కాని 'సర్వ్స్ యూ రైట్'లో ఆ ఛాయ లేదు. అది వెనక్కే చూస్తుంది. జరిగినదానికీ చేసినదానికీ లెక్క సరిపోయిందని చెప్పి ఊరుకొంటుంది. గోడమీదినుంచి పడిన పిల్లవాడు మళ్లీ గోడ ఎక్కకూడదన్న ఆశ 'తిక్క కుదిరిందా?' అన్న ప్రశ్నలో ఉంది. ప్రశ్నరూపమే అందుకు సాక్ష్యం; దానికి జవాబు రావాలి. ఆంగ్ల జాతీయం ఎవరినీ ఏమీ అడగదు.

ఆ లెక్కన 'నీకు అలాగే కావాలి' అన్నదే ఆంగ్ల జాతీయానికి అన్నిటికంటే దగ్గరిది. ఇందులో గుణపాఠం లేదు, వైద్యం లేదు. 'కావాలి' అన్న విధ్యర్థకం జరిగిపోయిన సంఘటనకు వెనకనుంచి ఆమోదముద్ర వేస్తుంది. ఇది మౌఖిక భాషకు చెందినది కావడంవల్ల కాబోలు, అనువాదకులు దీనిని పక్కనబెట్టి గంభీరమైన 'శాస్తి'ని ఎంచుకొంటారు. ఫలితంగా ఆంగ్ల నవలలో అక్కాచెల్లెళ్లు ఆటపట్టించుకొనే చోట తెలుగు పాఠకుడికి న్యాయస్థానం కనిపిస్తుంది.

4. చేసినది, చేసుకున్నది, తగిలినది

'చేసినవారికి', 'చేసుకున్నవారికి' అన్న రెండు రూపాల మధ్య ఉన్న దూరం ఆంగ్లంలో ఒక్క క్రియారూపంతో చెప్పడానికి వీలుపడనిది. 'చేసుకున్నవారికి చేసుకున్నంత' అన్న సామెతలోని 'కొను' ఆత్మార్థకం. క్రియాఫలం కర్తకే చెందుతుందని చెబుతుంది. వండుకొను, రాసుకొను అన్నచోట ఆ ఫలం మేలు. సామెతలో అదే ప్రత్యయం కీడును కర్తముందు పెడుతుంది. 'కొనితెచ్చుకోవడం' మరీ విశేషమైనది. కష్టాన్ని డబ్బిచ్చి కొని, మోసి, ఇంటికి తెచ్చుకొన్నట్లుగా చెప్పే ఈ క్రియలో మొదట ప్రధానక్రియగానూ చివర ఆత్మార్థకంగానూ 'కొను' రెండుమార్లు ఉంది. 'కొరివితో తల గోక్కోవడం' కూడా ఈ వర్గానిదే.

పరుచుకొన్న పక్కమీద పడుకోవలసిందే అన్న ఆంగ్ల సామెతకూ, విత్తినదే కోస్తారన్న బైబిలు భావానికీ (గలతీయులకు వ్రాసిన పత్రిక 6:7) తెలుగులో ఈ 'చేసుకొను' వర్గం తగినది. కాని 'సర్వ్స్ యూ రైట్' అన్నచోట దీన్ని వాడితే మాట్లాడేవాడి గొంతు మారిపోతుంది. సామెత చెప్పేవాడు తప్పుకొని లోకాన్ని ముందుకు తెస్తాడు. జాతీయం పలికేవాడు ఎంత దాచుకొన్నా తన సంతృప్తిని పూర్తిగా దాచలేడు.

మూడవ వర్గం ఒకటుంది. 'ఉసురు తగిలింది' అన్నప్పుడు కీడుకు కారణం కీడు పొందినవాడి తప్పు మాత్రమే కాదు. ఆ తప్పువల్ల బాధపడిన మరొకరి నిట్టూర్పు. తప్పుచేసినవాడికీ ఫలితానికీ మధ్య బాధితుడిని నిలబెట్టిన పలుకుబడి ఇది. ఆంగ్ల జాతీయంలో బాధితుడికి చోటే లేదు. అందువల్ల ఒక పాత్ర మరో పాత్రకు చేసిన అన్యాయానికి ఫలం అనుభవించే ఘట్టాల్లో, అనువాదకుడు 'ఉసురు' వాడితే మూలంలో లేని సాక్షిని కథలోకి తెచ్చినట్లే. కొన్నిచోట్ల అది మేలే చేయవచ్చు. అయినా అది చేర్పు అన్న ఎరుక ఉండాలి.

5. కర్మ, ఖర్మ, పాపం

'కర్మ' శబ్దం ఆంగ్లంలోకి మొదట మతతత్త్వశాస్త్ర పరిభాషగా వెళ్లింది. 20వ శతాబ్దంలో అది వీధిలోకి దిగింది. జాన్ లెనన్ 1970లో విడుదల చేసిన పాటకు 'ఇన్‌స్టంట్ కర్మ' అన్న పేరు పెట్టాడు. జన్మాంతరాలపాటు సాగవలసిన లెక్క అప్పటికప్పుడు తేలిపోవడమన్న ఊహ ఆ పేరులోనే ఉంది. నేటి ఆంగ్ల వాడుకలో ఎవరికైనా చేసిన చెడ్డపనికి వెంటనే దెబ్బ తగిలితే 'కర్మ' అన్న ఒక్కమాట చాలు. అది 'సర్వ్స్ యూ రైట్'కు పొట్టి రూపంగా మారింది.

తెలుగు నోటిమాట దీనికి ఎదురుదారి పట్టింది. 'ఖర్మ' అని ఒత్తి పలికే రూపం చాలావరకు అర్హతనుంచి విడిపోయింది. 'నా ఖర్మ', 'ఖర్మ కాలి' అన్నవి చేసిన తప్పును ఒప్పుకోవడం కావు. కారణం తెలియని కష్టం ముందు నిస్సహాయంగా వాపోవడం. తలరాత, నుదుటిరాత అన్నవాటికి ఇది సన్నిహితం. సిద్ధాంతరీత్యా పూర్వజన్మకృతం ఉండనే ఉంటుంది. కాని గుర్తులేని జన్మలో చేసిన గుర్తులేని పనికి ఎవరూ మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడలేరు. నేరం జ్ఞాపకం లేనప్పుడు మిగిలేది శిక్ష ఒక్కటే. కారణం లేని శిక్షకు లోకంలో పేరు దురదృష్టం. 'వాడి ఖర్మ' అన్న ప్రథమపురుష ప్రయోగంలోనూ సంతోషం అరుదు. చెప్పవలసినది చెప్పాం, ఇక మనమేం చేయగలం అన్న చేతులు దులుపుకోవడం అందులో ఉంటుంది.

'పాపం' ఇంకా దూరం వెళ్లింది. 'పాపం పండింది' అన్నప్పుడు అది నేరచిట్టా. 'పాపం, పడిపోయాడు' అన్నప్పుడు అదే శబ్దం జాలిని తెలిపే అవ్యయం. పడినవాడు పాపం చేశాడని ఆ వాక్యం ఎంతమాత్రం చెప్పదు. నైతిక గణనకు చెందిన రెండు ప్రధాన శబ్దాలను తెలుగు వాడుక ఇలా బాధపడేవాడి పక్షానికి మళ్లించుకొంది. దీనినిబట్టి తెలుగు సమాజం సహజంగా దయగలదని తీర్మానించడం తొందరపాటు. వైధవ్యాన్ని, కులపీడనను కర్మఫలమని సమర్థించిన చరిత్ర ఇక్కడిదే. శాస్త్రార్థం పైనుంచి తీర్పుగా దిగుతున్న కాలంలోనే, ఆ తీర్పు కింద బతికినవారి నోళ్లలో ఆ మాటలు నిట్టూర్పులుగా మారాయని చెప్పడం న్యాయంగా ఉంటుంది.

ఇప్పుడు ఒక కొత్త పరిణామం కనిపిస్తోంది. ఆంగ్లంలో అర్థం మార్చుకొన్న 'కర్మ' సామాజిక మాధ్యమాల ద్వారా తెలుగు యువత భాషలోకి తిరిగి వచ్చింది. 'కర్మ ఎవరినీ వదలదు' అన్న వాక్యంలో ఉన్నది ఈ తిరిగివచ్చిన శబ్దమే. అందువల్ల నేటి తెలుగులో ఒత్తులేని 'కర్మ' తీర్పు, ఒత్తున్న 'ఖర్మ' వాపోత. ఒక్క మహాప్రాణం మీద ఇంత బరువు ఉందన్న సంగతిని నిఘంటుకారులు పట్టించుకోవలసి ఉంది. 'ఖర్మ'ను 'కర్మ'కు అపభ్రంశరూపమని చెప్పి వదిలేస్తే అర్థభేదం నమోదు కాదు.

6. ఎవరికి ఏది తగినది?

హితోపదేశంలో చాకలివాని గాడిద కథ తెలియనివారు ఉండరు. ఇంట్లో దొంగ పడితే, యజమాని సరిగా తిండి పెట్టడంలేదన్న కోపంతో కుక్క మొరగదు. గాడిద ఉండబట్టలేక ఓండ్రపెడుతుంది. నిద్ర చెడిన యజమాని గాడిదను చావబాదుతాడు. ఒకరి పని మరొకరు నెత్తిన వేసుకోరాదన్నది కథ చెప్పే నీతి. తరతరాల పిల్లలు ఈ కథ విని గాడిదకు తగిన శాస్తి జరిగిందనే నేర్చుకొన్నారు. కాని ఇక్కడ గాడిద చేసినది విశ్వాసపాత్రమైన పని. మాట తప్పినది కుక్క. తెలియక కొట్టినది యజమాని.

అర్హఫల భావనను విశ్లేషించిన తాత్త్వికుడు జోయెల్ ఫైన్‌బర్గ్ 1963 నాటి 'జస్టిస్ అండ్ పర్సనల్ డిజర్ట్' వ్యాసంలో దీనికి మూడు అంగాలు చెప్పాడు: అర్హుడు, అతడికి దక్కవలసినది, అందుకు ఆధారం. ఆ ఆధారం అర్హుడికి సంబంధించినదే అయి ఉండాలి. గాడిద కథలో ఆధారం దాని దుర్మార్గం కాదు, దాని స్థానం. స్థానం తప్పిందన్న సంగతి నేరంగా మారి, దెబ్బలు 'తగిన'వయ్యాయి. 'తగు' ధాతువులో అర్హత, ఔచిత్యం రెండూ కలిసి ఉండటంవల్ల ఈ మార్పిడి వినేవారికి తెలియకుండానే జరిగిపోతుంది. లోకం న్యాయంగానే నడుస్తోందన్న నమ్మకాన్ని కాపాడుకోవడానికి మనుషులు బాధితుడిలోనే తప్పు వెదుకుతారని మనస్తత్త్వవేత్త మెల్విన్ లెర్నర్ 1980లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. గాడిద కథ శ్రోతకు ఆయన వివరణ చక్కగా అన్వయిస్తుంది.

వాక్యనిర్మాణం కూడా ఇందుకు తోడ్పడుతుంది. 'శాస్తి జరిగింది' అన్నది అకర్మక వాక్యం. శాస్తి 'చేసినవారు' అందులో ఉండరు. హైదరాబాదు శివారులో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన కేసులో నిందితులైన నలుగురు 2019 డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు, జనం పోలీసులపై పూలు చల్లారు. ఆనాటి ఆవేశానికి కారణం అర్థంకానిది కాదు. అయితే 'తగిన శాస్తి జరిగింది' అన్న వాక్యంలో ఎవరు, ఏ అధికారంతో, ఏ విచారణ తరువాత అన్న ప్రశ్నలకు వ్యాకరణరీత్యానే చోటు లేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ సంఘం అడిగినవి సరిగ్గా ఆ ప్రశ్నలే. 2022లో వెలుగుచూసిన దాని నివేదిక పోలీసుల కథనాన్ని నమ్మదగినదిగా అంగీకరించలేదు. జాతీయం లోపింపజేసిన కర్తను తిరిగి వాక్యంలో నిలబెట్టడానికి రెండేళ్లకు పైగా పట్టింది.

7. అనువాదకుడి ముందున్న ఎంపిక

పై పరిశీలనను బట్టి 'సర్వ్స్ యూ రైట్'కు ఒకే తెలుగు సమానార్థకాన్ని స్థిరపరచడం కుదరదు. ఇంటివారి మధ్య, చిన్న కీడుకు 'నీకు అలాగే కావాలి', 'బాగా అయింది' తగినవి. దిద్దే అధికారం ఉన్న పెద్దల నోట 'తిక్క కుదిరిందా' పలుకుతుంది. 'శాస్తి'ని అధికారికమైన, లేదా శత్రుత్వం ముదిరిన సందర్భాలకు దాచుకోవడం మంచిది. 'ఖర్మ'ను మాత్రం ఈ జాతీయానికి వాడరాదు. రూపసామ్యం ఎంత ఊరించినా అది తప్పుదారి.

విలోమదిశలో, అంటే తెలుగునుంచి ఆంగ్లానికి వెళ్లేటప్పుడు, ప్రమాదం మరింత ఎక్కువ. గురజాడ 'కన్యాశుల్కం' రెండవ కూర్పు (1909) చివర గిరీశం నోట వెలువడే ప్రసిద్ధమైన మాటలో తప్పు తనది కాక కథదవుతుంది. ఆంగ్లపు తిట్టు ఊతంగా తప్పించుకొన్న ఆ పెద్దమనిషిని ఏ భాషలోకి తెచ్చినా పెద్దగా నష్టపోడు. నష్టపోయేవారు వేరు. తెలుగు కథల్లో భర్త పోయిన స్త్రీ, భూమి పోయిన రైతు 'అంతా నా ఖర్మ' అంటారు. దానిని ఆంగ్లంలో 'ఇట్స్ మై కర్మ' అని రాసి, మూలపదాన్ని నిలుపుకొన్నామని అనువాదకులు తృప్తిపడవచ్చు. నేటి ఆంగ్ల పాఠకుడు ఆ వాక్యంలో వినేది నేరాంగీకారం. ఆమె తనకిది తగినదేనని ఒప్పుకొందని, ఏదో చేసే ఉంటుందని అతడు అనుకొంటాడు. మూలంలో ఆమె ఏమీ ఒప్పుకోలేదు. 'ఫేట్' అనో, 'లక్' అనో రాస్తే సంస్కృతిపరిమళం కొంత తగ్గవచ్చు. ఆమె మీద లేని నేరం మాత్రం పడదు.